ఆపిన చోటి నుంచే

నీహారిక తయారుచేసిన ఫోను ఆటలో గళ్ళచొక్కా ఆయన ట్రాక్టరు మళ్ళీ బోల్తా పడింది.

"మధ్యలో ఫోనొచ్చింది. మాట్లాడి చూసేసరికి బండి కాలవలో ఉందమ్మా" అని నవ్వాడాయన.

తిరువూరు బస్టాండు దగ్గర నీహారిక వాళ్ళమ్మ నాగేశ్వరమ్మకి టిఫిను సెంటరుంది. తినడానికొచ్చినవాళ్ళ ఫోన్లలో తన ఆట ఎక్కించి ఆడించి చూస్తోంది నీహారిక. మామిడికాయల ట్రాక్టరుని గుంతల రోడ్డు మీద పడిపోకుండా మార్కెట్టుకి చేర్చాలి.

అందరూ ఒకసారి ఆడి వదిలేస్తున్నారు. ఈ గళ్ళచొక్కా ఆయనొక్కడే రోజూ ఆడుతున్నాడు.

"మధ్యలో ఆపుకునే వీలు పెట్టకూడదా?" అడిగాడు.

"రెండు నిమిషాల ఆటండీ. ఆ ఫోను కాసేపాగి ఎత్తితే ఏం పోతుంది?"

"ఎత్తాలమ్మా" అన్నాడు మెల్లగా.

అంతలో మళ్ళీ మోగనే మోగింది.

"పెనుగొలనులో ఎక్కడ? రోడ్డు పక్కనేనా? ఇంటిదాకా బండొస్తుందా?" అంటూ సగం దోసె వదిలేసి వెళ్ళిపోయాడు.

"స్థలాల బ్రోకరు. వీళ్ళకి తిండి మీద కూడా ధ్యాసుండదు" అంది నాగేశ్వరమ్మ ప్లేటు తీస్తూ.

నీహారిక కూడా అదే అనుకుంది. అయినా ఉన్న ఒక్క ఆటగాడూ పోతాడేమోనని, ఫోను రాగానే ఆట ఆగేలా చేసింది.

మర్నాడు ఆడి చూసి, "ఆగడం బాగానే ఆగింది. మళ్ళీ మొదలవడమే బాలేదు" అన్నాడాయన.

"ఏమైందండీ?"

"ఫోను పెట్టేసినా నా మనసింకా ఆ మాటల్లోనే ఉంటుంది. బండేమో అప్పుడే పరిగెడుతోంది. వచ్చినవాణ్ణి కాస్త కుదురుకోనివ్వమ్మా."

ఆ మాట నీహారికకి నచ్చింది. మిగతా పనులన్నీ మానేసి దాని మీదే కూర్చుంది. మొదట బండి ఆగిన చోటి నుంచే కదిలింది గానీ, అందులో మామిడికాయలు మాయమయ్యాయి. వాటిని వెనక్కి రప్పించేసరికి పొద్దు వాలింది. చివరికి తెర మీద మూడు, రెండు, ఒకటి అని పడ్డాకే చక్రాలు కదిలేలా చేసింది.

తరవాతి రోజు ఆయన సగం ఆటలో లేచి వెళ్ళాడు. ఎండ నెత్తికెక్కాక తిరిగొచ్చి, మిగతా సగం ఆడాడు.

"చేరిందమ్మా" అన్నాడు, నిజంగా మార్కెట్టుకి లోడు తోలుకొచ్చినవాడిలా.

ఆ తరవాత రాలేదు.

కొన్నాళ్ళకి ఆట విడుదలైంది. ఎవరైనా పిలిస్తే ఆపి, వెళ్ళొచ్చి హాయిగా ఆడుకోవచ్చని చాలామంది మెచ్చుకుంటూ రాశారు. చదివినప్పుడల్లా నీహారికకి కడుపు నిండినట్టుండేది. ఆయనకి చెబుదామంటే పేరైనా తెలీదు. గళ్ళచొక్కా, మాటిమాటికీ మోగే ఫోను అని గుర్తులు చెబుతూ టిఫినుకొచ్చినవాళ్ళందర్నీ అడగసాగింది.

ఒకరోజు, చంటిపిల్లనెత్తుకుని ఇడ్లీ కట్టించుకుంటున్న గ్లోరి అనే ఆమె ఆ మాట విని, "ఐజాక్ గారా? నూజివీడు వెళ్ళిపోయారుగా" అంది.

నీహారికకి ఉసూరుమనిపించింది.

"అక్కడా స్థలాలే అమ్మిస్తున్నారా?"

గ్లోరి వింతగా చూసింది.

"స్థలాలేంటమ్మా, ఆయన అంబులెన్సు డ్రైవరు" అంది పాప తలమీద గుడ్డ సవరిస్తూ, "ఇది పుట్టింది ఆయన బండిలోనే."