ఇద్దరు ఆదెప్పలు

“ఎవరు రాసినారు జయా? పెద్దోడా, చిన్నోడా?”

మంచం మీద నుంచే అడిగింది సుబ్బమ్మ. జయలక్ష్మి చేతిలోని కార్డును తిప్పి చూసింది. చైనావాళ్ల ఖైదు నుంచి రెడ్‌క్రాస్ ద్వారా ధర్మవరం చేరిన కార్డు అది. చిరునామాలో ఇంటిపేరు, ఊరు; కింద సంతకం ‘ఆదెప్ప’. అంతే.

మామగారి పేరు తన కొడుక్కే పెట్టాలని తోడికోడళ్లిద్దరూ పట్టుబట్టి, చివరికి ఇద్దరూ పెట్టేసుకున్నారు. ఇంట్లో సుబ్బమ్మ కొడుకు పెద్ద ఆదెప్ప, జయలక్ష్మి కొడుకు చిన్న ఆదెప్ప అయ్యారు. మగ్గాలు వదిలి ఒకే రోజు మిలిటరీలో చేరారు. యుద్ధం మొదలయ్యాక ఇద్దరి జాడా లేదు.

ఆ ఇంట్లో చదువొచ్చింది జయలక్ష్మి ఒక్కదానికే. కార్డును మనసులోనే చదువుకుంది.

‘అమ్మా, నేను బాగుండాను. అన్న నా పక్కనే గుండు తగిలి పోయినాడు. పెద్దమ్మకు చెప్పొద్దు. నేనొచ్చి చెప్తా.’

కొడుకు బతికున్నాడని ఏడుపొచ్చింది. ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. సుబ్బమ్మకు మొగుడు లేడు, ఉన్నది ఒక్క కొడుకు. పది రోజులుగా జ్వరం, గంజి కూడా దిగడం లేదు. ఈ మాట వింటే మనిషి దక్కుతుందా?

“పెద్దోడే అక్కా. బాగుండాడంట. తొందరలో వదుల్తారంట.”

“చిన్నోడి సంగతి?”

“ఏమీ రాయలేదు.”

సుబ్బమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. లేచి కూర్చుని చేతులు జోడించింది.

“దేవుడు మన మొగం చూసినాడు. బిడ్డ బతికుండాడు. అంతే చాలు.”

కార్డు ఇవ్వబోతే తీసుకోలేదు. “నాకేం చదువొస్తాదని? నువ్వే దాచిపెట్టుకో.”

ఆ పూట గంజి తాగింది. మర్నాడు వీధంతా చక్కెర పంచింది. అప్పట్నుంచి జయలక్ష్మి ముందు కూర్చుని కొసరి కొసరి వడ్డించేది. “తిను జయా. నీ కొడుకూ వస్తాడు. ఎంత మంచి మాట చదివి వినిపిస్తివి, నీ రుణం తీర్చుకోలేను,” అనేది. అబద్ధం చెప్పి పుణ్యం కట్టుకున్న జయలక్ష్మి తలెత్తకుండా అన్నం కలుపుతూ కూర్చునేది.

వేసవిలో ఖైదీలను వదిలారు. మధ్యాహ్నం బండికి దిగుతున్నానని చిన్న ఆదెప్ప రాశాడు. బండి పెనుకొండ దాటే వేళయింది. ఇక దాచి లాభం లేదని జయలక్ష్మి వెళ్లి సుబ్బమ్మ కాళ్లు పట్టుకుంది.

“నన్ను ఎన్నైనా తిట్టు అక్కా. ఆ కార్డు నా కొడుకుది. నీ బిడ్డ యుద్ధంలోనే పోయినాడు. నువ్వు తట్టుకోలేవని అబద్ధం చెప్పినా.”

సుబ్బమ్మ ఆమెను లేపి, కొంగుతో కళ్లు తుడిచింది.

“నీకు నీ కొడుకు మీద ఆశ చచ్చిపోతాదని నేనూ ఒకటి దాచినా జయా,” అంది.

“మావాడు లేడని పోస్టుమాన్ చదివి చెప్పిన తంతి, ఆ కార్డు కంటే ముందే వచ్చింది.”