ఫవ్వాజ్ సందేహాలు

"మళ్లీ వాడే!"

లుజైన్ తల పట్టుకుంది.

ఉపవాసం విడిచే వేళ దగ్గరపడుతోంది. గొంతు పిడచగట్టుకుపోతోంది. ఫోన్లో క్లాసు మాత్రం తెమలడం లేదు.

కరోనాతో ఇర్బిద్‌లో యూనివర్సిటీకి తాళం పడ్డప్పటి నుంచీ ఇదే తంతు. తెర మీద ముఖం ఒక్కటే, అందరూ డాక్టర్ అని పిలిచే ప్రొఫెసర్ ముంధిర్‌దే. మిగతావన్నీ నల్లటి గళ్లు, వాటి కింద పేర్లు. ఇంట్లో ఆడవాళ్లు కనబడతారని కెమెరాలు తెరవరు. వినబడతారని మైకులూ తెరవరు. హాజరు టైప్ చేసి సగంమంది పడుకుంటారు.

ఫవ్వాజ్ ఒక్కడే మేలుకుని ఉండేది.

ముంధిర్ కాసేపు తల వంచుకుని, మళ్లీ ఎత్తారు. అప్పుడే తెర మీద ప్రశ్న పడింది.

"డాక్టర్, ఈ దూలం మధ్యలోనే ఎందుకు వంగుతుంది? మళ్లీ మొదటినుంచి చెప్పరూ?"

"మంచి ప్రశ్న నాయనా!" అంటూ ఆయన మొదటికొచ్చారు.

"వీడికి ఆకలీ దాహం లేవా?" క్లాసు పిల్లల గ్రూపులో గైత్ మెసేజ్ పెట్టాడు. "అసలు వీణ్ణి కాలేజీలో ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏమే, కతాయిఫ్ మిఠాయి మడవడానికి వస్తున్నావా, నన్నే మడిచి పెట్టమంటావా?"

"ఫవ్వాజ్ గారు వదిలితే వస్తానమ్మా!"

"ఎవడే వాడు?"

"నా ప్రాణానికి దాపురించాడు!"

మర్నాడే లుజైన్ యూనివర్సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి ఫవ్వాజ్ సంగతి చెప్పింది. గుమాస్తా అబూ రాకాన్ పేర్లన్నీ వెతికాడు.

"ఆ పేరుగలవాడు మీ క్లాసులో లేడు తల్లీ. ఎవడో దొంగచాటుగా దూరాడు. మేం చూసుకుంటాం."

తర్వాతి క్లాసులో ఫవ్వాజ్ లేడు. ముంధిర్ కూడా లేరు. ఎవరిదో రికార్డింగ్ గడగడా వాగేసి ఆగిపోయింది.

"లుజైన్, నీ చేతులు చల్లగుండ!" అన్నాడు గైత్.

పండగ వెళ్లింది. పరీక్ష మీదికొచ్చింది. ఈ సబ్జెక్టు పోతే డిగ్రీ పోయినట్టే. అకాబా కంపెనీ ఇస్తానన్న ఉద్యోగమూ పోయినట్టే.

లుజైన్ పుస్తకం తెరిచింది. ఫవ్వాజ్ అడిగిన చోటిదాకా లెక్కలన్నీ చకచకా వచ్చాయి. ఆ తర్వాత ఒక్కటీ కదల్లేదు.

విసుగ్గా మళ్లీ ఆఫీసుకి ఫోన్ చేసింది.

"రేపే పరీక్ష! ఆ రికార్డింగుని ఏమని అడగను? డాక్టర్ ముంధిర్ ఏరీ?"

"ఆయన్ని పక్కనపెట్టారమ్మా. విచారణ నడుస్తోంది. క్లాసులోకి దొంగ పేరు ఎక్కించారట."

"ఆయనెక్కించారా? ఎందుకు?"

"ఎంత అడిగినా మీలో ఒక్కరూ నోరు విప్పలేదట. ఒకడు మొదలెడితే మిగతావాళ్లూ అడుగుతారని, పక్కన రెండో ఫోన్ పెట్టుకున్నారు."

"అంటే ఆ ప్రశ్నలన్నీ..." అంది లుజైన్.

"అంతేనమ్మా," అన్నాడు అబూ రాకాన్. "నువ్వు పట్టించిన ఫవ్వాజ్ మీ డాక్టర్ ముంధిరే."