కత్తెర పురుగు

“ఆదివారం ఎటెల్లేవక్కా?” చేతి తొడుగులు విప్పుతూ అడిగింది సౌమ్య.

“మా సేనికమ్మా.” రామతులసి కడిగిన సీసాలు బోర్లిస్తోంది. “ఆయన పోయాక సూసీవోలెవులున్నారు? మొక్కజొన్న మొవ్వుల్నిండా కత్తెర పురుగే. సేత్తో ఏరి నలిపేసేను.”

సౌమ్య చేతులు ఆగిపోయాయి.

అంకులి శివార్లలో ఉన్న ఆ ల్యాబులో పెంచేది కత్తెర పురుగు కణాలనే. పిల్లల టీకాకు కావలసిన ప్రోటీన్ వాటిలో తయారవుతుంది. బయట పురుగును ముట్టుకున్నవాళ్లు వారందాకా లోపలికి రాకూడదని నియమం. కణాలకు వైరస్ పట్టిందని టీకా కంపెనీవాళ్లు నిన్ననే చెప్పారు.

“నియమం మర్చిపోయావేటి?” అంది సౌమ్య.

“నేదమ్మా. ఆయన దినాలకే సెలవులన్నీ అయిపోనాయి. తానం సేసి, సీర మార్సుకునే వచ్చేను.” ఆమె చేతిలోని సీసా కింద పెట్టింది. “అయితే... నానేనా తెచ్చింది?”

“నేనెవరికీ చెప్పను. నీ అంతట నువ్వే సారుకి చెప్పెయ్యి. తర్వాత నేను చూసుకుంటాను.”

సాయంత్రం మేనేజర్ నాగేంద్రప్రసాద్ అందరినీ పిలిచాడు. “కణాలన్నీ కాల్చి పారెయ్యండి. ఇంతకీ తల్లి సీసా సంగతేటి? దాన్ని పరీక్షించారా?”

ల్యాబులోని కణాలన్నీ పుట్టింది ఆ సీసాలోంచే. మంచుపొగలు కక్కే ట్యాంకులో ఉంటుంది. తాళం సౌమ్య దగ్గర.

సౌమ్య నోరు విప్పేలోపే రామతులసి ముందుకొచ్చింది.

“నానే సారూ. పురుగు ముట్టిన సేత్తోటి లోపలికొచ్చేను.”

అతను ఒడియాలో కొంత, తెలుగులో కొంత తిట్టాడు. “మొగుడు పోయాడని జాలిపడి పనిలో ఉంచితే కొంప ముంచేవు గదే! రేపట్నుంచి రాకు. కేసు పెడతాను నీ మీద!”

“వద్దు సార్,” సౌమ్య అడ్డుపడింది. “పాపం, తెలీక చేసింది.”

గేటు దగ్గర సౌమ్య ఆటో పిలిచి, తన టిఫిన్ డబ్బా రామతులసి చేతిలో పెట్టింది.

“మీ మేలు మర్సిపోనమ్మా. మీరు లేపోతే జైలుకెల్లిపోదును.”

“ఊరుకో అక్కా. నీ తప్పేటుంది?” అంది సౌమ్య, ఆటో వైపు చూస్తూ.

ఇంటికెళ్లాక రామతులసి సబ్బుతో, ఆపైన బూడిదతో, చర్మం మండేదాకా చేతులు రుద్దుకుంది. ఆ చేత్తో ముద్ద ఎత్తబుద్ధి కాలేదు. డబ్బా మూత తియ్యకుండానే పక్కన పెట్టేసింది.

తల్లి సీసాలో వైరస్ ఉందని సౌమ్యకు నిరుడే తెలుసు.