దిగేదెవరు

"దిగవే, బండి ఆనుతుంది," అన్నాడు రోహెలియో.

పాత ఫోర్డు నేలబారుగా సాగితేనే అందమని, నా మొగుడు దాని వెనక కమానులోంచి బరువు మోసే ఇనుప పట్టీలు మూడు పీకేశాడు. అప్పటినుంచి ఇద్దరం కూర్చుంటే చాలు, వాకిట్లోంచి రోడ్డు మీదికి దిగే వాలు దగ్గర బండి వెనక భాగం సిమెంటును గీరుకుంటుంది. అందుకని ప్రతి ఆదివారం చర్చికి బయలుదేరినప్పుడల్లా నేను దిగి, నడిచి, రోడ్డు మీద మళ్లీ ఎక్కాలి. తూర్పు లాస్ ఏంజిలిస్‌లోని మా వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుంది. ఆ నాలుగడుగులూ వేసేసరికి నాకు చెమటలు పోస్తాయి.

ఈ ఆదివారం కాలు కదల్లేదు.

"నువ్వే దిగు. నీకంటే నేను తేలిక."

"నువ్వు తోల్తావా?" పగలబడి నవ్వాడు.

"మా నాన్న ద్రాక్షతోటలో ట్రక్కు తోలింది ఎవరనుకున్నావు?"

నవ్వుతూనే దిగాడు. నేను అతని సీట్లోకి జరిగి స్టీరింగు పట్టుకున్నాను. బండి ఎక్కడా గీరుకోకుండా రోడ్డెక్కింది.

వెంటనే వచ్చి నా వైపు తలుపు తీశాడు. "సరే, చాల్లే. జరుగు."

అలవాటు కొద్దీ జరగబోయాను. ఎదురింటి మెట్ల మీంచి ముసలి దోన్యా చోలే కేకేసింది.

"జరిగావంటే చూడు పిల్లా! వారం వారం పొయ్యి మీద బీన్సు మాడుతున్నా మేమంతా ఇలా నిలబడేది ఎందుకనుకున్నావు? నువ్వు వాణ్ణి ఎప్పుడు దింపుతావా అని!"

వీధంతా చప్పట్లు కొట్టింది.

"అటు వైపు ఎక్కు, చర్చికి వేళవుతోంది," అన్నాను.