ఒంటిచెవి పాట

ఇలా దగ్గరికి వచ్చి కూర్చోండి. చేతిలో పని ఉంటే పట్టుకునే రండి, చెవులు ఇటు ఇస్తే చాలు.

"ఇది నా పాట కాదమ్మా," అన్నాడు దర్జీ.

చెవుల్లోంచి కొత్త ఇయర్‌ఫోన్లు తీసి, పసికందును పడుకోబెట్టినంత భద్రంగా కుట్టుమిషన్ మీద పెట్టాడు. కూతురు ముచ్చటపడి తెచ్చిన కానుక మరి! నాన్న ముఖం ఎప్పుడు వెలుగుతుందా అని ఆ పిల్ల ఎదురుగానే కాచుకుని నిలబడింది.

"నీ పాటే నాన్నా. నీ ఫోన్లోదే. రోజుకు పదిసార్లు వింటావే, అదే!"

"కాదు తల్లీ. నా పాటలో ఎవరూ పాడరు. ఫిడేలు వస్తుంది. వెనకాల ఎక్కడో దూరంగా ఒకావిడ 'ఊఁ... ఊఁ...' అంటుంది. అంతే. ఇందులో ఎవడో మధ్యలో దూరాడు. జలుబు చేసినట్టుంది పాపం, ఒకటే ఏడుపు."

కూతురు ఫక్కున నవ్వింది. ఆమె పని చేసేది ఫోన్ల దుకాణంలో; ఆ వారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. కుడిది ఒకసారి, ఎడమది ఒకసారి చెవిలో పెట్టుకుని విని, సంగతి ఇట్టే పట్టేసింది. ఆ పాత పాటలో పాడే గొంతంతా కుడి పక్కకు, ఫిడేలూ కూనిరాగమూ ఎడమ పక్కకు విడదీసి పెట్టారు. దర్జీ పాత ఇయర్‌ఫోన్లకేమో కుడి పక్క వైరు ఆరేళ్ళ కిందటే తెగిపోయింది. మిషన్ చక్రంలో పడి తెగిందని ఆయన అనుకున్నాడు. మిగిలిన కొసను ముడి వేసేసి, ఎడమదాంతోనే నెట్టుకొచ్చాడు. ఈ పాట ఆయన ఫోన్లోకి వచ్చింది ఆ తర్వాతే.

"అయితే ఇన్నేళ్ళూ నువ్వు విన్నది సగం పాట నాన్నా!"

"సగమో పాతికో, నాది అదే."

"పాడినాయన వింటే నెత్తీ నోరూ బాదుకుంటాడు. అసలు పాట ఇదీ. నాలుగు రోజులు విను, అదే అలవాటవుతుంది."

"పాతవి ఎక్కడ పెట్టావు?"

"పొద్దున చెత్తబండిలో వేసేశాను."

ఆ ఫిడేలుకే ఆయన కాలు మిషన్ తొక్కేది. ఆ 'ఊఁ' దగ్గరే ఆయన వేళ్ళు గుడ్డను మలిపేవి. ఇంట్లో ఎవరికీ వినిపించలేదు, బాగుందా అని ఎవరినీ అడగలేదు. దిగులుగా ఉన్న రోజున దాన్నే వినేవాడు, సంతోషంగా ఉన్న రోజునా దాన్నే వినేవాడు. ఇప్పుడది లేదు.

"వినండీ, పిల్ల అంత ప్రేమగా తెస్తే ఏమిటా గొణుగుడు?" అంది వంటింట్లోంచి భార్య.

కూతురి ముఖం చూశాడు. రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాడు.

ఆ పిల్ల అటు తిరగ్గానే కుడిది మెల్లగా ఊడదీసేవాడు. ఇటు తిరగ్గానే దొరికిపోయేవాడు.

"మళ్ళీ తీశావా? నేను తెచ్చింది బాగాలేదని చెప్పరాదూ!"

కళ్ళలో నీళ్ళు తిప్పుకునేది. ఆ నీళ్ళు చూడలేక మళ్ళీ దూర్చుకునేవాడు. జలుబు గొంతాయన మళ్ళీ అందుకునేవాడు.

మూడు రోజులు గడిచాయి. ఒకరి చొక్కాకు జేబు కుడి పక్కన కుట్టేశాడు. బడి మాస్టారు కొత్త ప్యాంటు తొడుక్కుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒక కాలు నేల ఊడుస్తోంది.

"ఏమయ్యా, మొన్నటిదాకా నా కాళ్ళు రెండూ సమానంగానే ఉండేవే!"

దర్జీ తల ఎత్తలేదు. టేపు మెళ్ళో వేసుకుని, ఆ ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని, కుట్లు విప్పుతూ కూర్చున్నాడు. జలుబు గొంతాయన కుడి చెవిలో ఏడుస్తూనే ఉన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం భార్య భోజనానికి పిలిచింది. "ఏమండీ, వడ్డించాను." ఉలుకూ లేదు పలుకూ లేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. చివరికి తనే వచ్చి భుజం తట్టింది. ఆయన అదిరిపడి లేచాడు. ఆమె ఆయన చెవుల వైపు ఒకసారి చూసి వంటింట్లోకి నడిచింది.

భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, దర్జీ మళ్ళీ మిషన్ ముందుకు వచ్చాడు. ఉరికంబం ఎక్కేవాడిలా రెండూ చెవుల్లో పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి కాలు ఆడడం మొదలుపెట్టింది.

"అమ్మడూ! ఇది కూడా కుడి పక్క పోయిందే!"

అది ఏదో శుభవార్త అయినట్టు వీధంతా వినబడేలా కేక పెట్టాడు. వెంటనే గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "అయ్యయ్యో. పోన్లే తల్లీ, బాధపడకు. వస్తువన్నాక పోతుంది. ఎడమది మాత్రం బ్రహ్మాండంగా ఉంది."

కూతురు పరుగున వచ్చి చూసింది. కుడి వైరు నున్నగా తెగి ఉంది. ఎలుక కొరికితే అలా తెగదు. తిట్టడానికే నోరు తెరిచింది కానీ నాన్నను చూసి ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కింద కాలు, పైన సూది ఒక్క నడకలో పోతున్నాయి. గడ్డం కొంచెం పైకెత్తి, ఎవరికీ వినబడనంత సన్నగా 'ఊఁ' అంటున్నాడు. ఈ నాన్నను ఆ పిల్ల ఎన్నడూ తేరిపార చూడలేదు.

మెల్లగా వంటింట్లోకి వెళ్ళింది. తల్లి గిన్నెలు తోముతోంది.

"నువ్వే కదూ అమ్మా కత్తిరించింది? నాన్న పాట నాన్నకు ఇవ్వాలనేగా? నాకే తెలియలేదు, నీకు తెలిసింది చూడు."

"పాటా, నా మొహమా! రెండు చెవులూ మూసుకుంటే మనిషి పిలిస్తే పలుకుతాడటే? ఆరేళ్ళ కిందట ఆ పాతదాన్ని కత్తిరించిందీ నేనే."

గుర్తుంచుకుని మీవాళ్ళకూ చెప్పండి ఈ కథ. ఆ దర్జీ ఉన్నచోట మాత్రం మెల్లగా చెప్పండి, ఆయనకు ఒక చెవి ఎప్పుడూ ఖాళీయే.