సూది భయం

"సూది గుచ్చితే గడ్డ ఒళ్లంతా పాకుతుందంట. నేను రాను."

సూర్యప్రభ ఈ మాట ఎన్నోసారి అంటోందో లెక్కపెట్టడం మృదుల ఎప్పుడో మానేసింది.

తల్లి రొమ్ములో గడ్డ. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలని డాక్టరు చెప్పి నెల దాటింది. కూతురేమో క్యాన్సర్ కణాల మీదే పరిశోధన చేస్తోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మృదుల రచ్చ గెలిచి, దిల్‌సుఖ్‌నగర్‌లోని సొంత ఇంట్లో చిత్తుగా ఓడిపోతోంది.

"అమ్మా, మళ్లీ చెబుతాను విను. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి జిగురులాంటి ప్రొటీన్లుంటాయి. అవి తగ్గిపోయి, 'పెరుగు, కదులు' అని సంకేతాలిచ్చే ప్రొటీన్లు రెచ్చిపోతే కణాలు పట్టు వదిలి వేరేచోటికి పోతాయి. ఆలస్యం చేసేకొద్దీ ఆ ప్రమాదమే ఎక్కువ. సూది వల్ల కాదు."

సూర్యప్రభ శ్రద్ధగా విని తలూపింది.

"అసలే పట్టు తప్పేవాటిని సూదితో కెలకడం ఎందుకే మరి?"

మృదులకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఈ మధ్య ఓ ముసలావిడ కూడా తయారైంది. వెనక గల్లీలో ఉంటుందట. పేరు కృష్ణమ్మట. కూరగాయల బండి దగ్గర పరిచయం. గడ్డ సంగతి తెలిసినప్పటినుంచి రోజూ వచ్చి సోఫాలో కూర్చుంటోంది. మృదుల కనబడగానే మాట ఆపేస్తుంది.

ఓ సాయంత్రం మృదుల వచ్చేసరికి తలుపు గడియ వేసి ఉంది. ఎంతసేపటికో తీశారు. లోపల తల్లి ఏడుస్తోంది. పక్కన కృష్ణమ్మ.

మృదుల ఓపిక అక్కడితో చచ్చిపోయింది. నెలరోజులుగా తాను నచ్చజెప్పిందంతా ఈవిడే చెడగొడుతోందని కడిగిపారేసింది.

"మా అమ్మను భయపెట్టకండి. ఇంక మా ఇంటికి రాకండి."

కృష్ణమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది.

"భయపడాలె బిడ్డా. జర భయపడితెనే మంచిగైతది" అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే సూర్యప్రభ చీర మార్చుకుని సిద్ధంగా కూర్చుంది. పరీక్షకు వెళదాం పద అంది.

ముసలావిడను తరిమేస్తే గానీ అమ్మ దారికి రాలేదు, ఈ పనేదో ముందే చేయాల్సింది అనుకుంది మృదుల.

గడ్డ క్యాన్సరే. అయితే ఉన్నచోటే ఉంది, ఎటూ పాకలేదు. ఎల్బీనగర్‌లో ఆపరేషన్ చేశారు. సమయానికి వచ్చారన్నాడు డాక్టరు. తన ప్రొటీన్ల పాఠం ఊరికే పోలేదని మృదుల మురిసిపోయింది.

తల్లిని ఇంటికి తెస్తుంటే వెనక గల్లీలో రోడ్డుకి అడ్డంగా టెంటు వేసి ఉంది. ఆటో ఆగిపోయింది. పచ్చి కుట్లతో ఉన్న మనిషిని పెట్టుకుని ఈ టెంట్ల గోలేమిటని మృదుల విసుక్కుంది.

"కృష్ణమ్మ పోయిందమ్మా" అన్నాడు తాడు కడుతున్నతను.

సూర్యప్రభ ఆటో దిగబోయింది. మృదుల చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ కోసం ఇంత నీరసంలో దిగడమెందుకని కోప్పడింది.

"నీ పాఠం నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదే" అంది సూర్యప్రభ చెయ్యి విడిపించుకుంటూ. "సూదికి భయపడి, పుండయ్యేదాకా కన్నకొడుక్కి కూడా చెప్పని గడ్డని, ఆవిడ ఆ రోజు తలుపు గడియ పెట్టి, రవిక విప్పి నాకు చూపించింది."