మొదటి ముద్ద

పొద్దున్నే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. మబ్బు తునక లేదు, గాలి లేదు. ఎండుద్రాక్ష షెడ్ల గేటు ముందు వంటవాడు సంచి చంకన పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనే బావమరిది గొణుగుతున్నాడు.

“బావా, నాలుక సంగతి ఎత్తావో, నువ్వెవరో నాకు తెలీదంటా.”

“ఎత్తనురా.”

“జ్వరంతో రుచి పోయింది, ఇవాళో రేపో వస్తుంది అని కూడా అనకు. పెళ్లి భోజనాన్ని ఉప్పు సముద్రం చేసొచ్చావన్న కబురు ఇంతదూరం రాలేదు. వేసవి దాటేదాకా నెట్టుకురా. ఊరందరికీ వండిపెట్టినవాడి ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు. అక్క మొహం చూడలేకపోతున్నా.”

“వాసన కూడా తెలీడం లేదురా.”

“మంచిదేగా. లోపల గంధకం కంపుకి పేగులు నోట్లోకొస్తాయట. నీకా బాధ లేదు.”

గేటు తెరుచుకుంది. మేస్త్రీ బయటికొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గొంతు బొంగురు.

“వంటకొచ్చింది నువ్వేనా?”

“నేనేనండి.”

“నాలుక ఎలాంటిది?”

వంటవాడు సంచి మరో చంకలోకి మార్చుకున్నాడు. బావమరిదే అందుకున్నాడు. “మా బావ నాలుకా అండి? ఆవగింజంత ఉప్పు తేడా వచ్చినా పట్టేస్తుంది.”

“అలాంటివాడే కావాలి,” అన్నాడు మేస్త్రీ. “ముందున్న వంటవాడు ఒట్టి పిరికివాడు. అనుమానం వస్తే చాలు, కూర పారబోసేవాడు. యజమాని మెడపట్టి గెంటాడు. మధ్యాహ్నానికి వండిపెట్టు. పనికొస్తే ఈ వేసవంతా నువ్వే.”

బావమరిది అతని చెయ్యి గట్టిగా నొక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

వంటిల్లు అంటే షెడ్ల చివర రేకుల గది. గోడలు పచ్చబారి ఉన్నాయి. రాగి గరిటెలు నల్లగా మాడినట్టున్నాయి. పక్క షెడ్డులో ద్రాక్షగుత్తులకి గంధకం పొగ వేస్తున్నారు. కిటికీ సందులోంచి అది సన్నగా లోపలికి పాకుతోంది. ఒకామె నేలమీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. మూలన పళ్లెం మూతపెట్టిన పెద్ద గిన్నె ఉంది. మూత అంచున ఈగలు.

“అందులో ఏముందమ్మా?”

“నిన్నటి మాంసం కూర. ఉండనీ, దాని పని తర్వాత.”

అతను పొయ్యి రాజేశాడు. ఉల్లిపాయ వేగిందో లేదో చప్పుడు విని తెలుసుకున్నాడు. ముక్క ఉడికిందో లేదో బొటనవేలితో నొక్కి చూశాడు. ఉప్పు అరచేతి గీతలదాకా కొలిచి వేశాడు. అయినా మనసు పీకుతూనే ఉంది. గరిటె ఆమె ముందుకి చాపాడు.

“కాస్త చూసిపెట్టమ్మా. వండినవాడి నోరు వాడి కూరనే మెచ్చుకుంటుంది. పరాయి నోరైతే నిజం చెబుతుంది.”

ఆమె చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. మింగకముందే “బాగుంది” అంది.

“ఉప్పు?”

“సరిపోయింది.”

“కారం?”

“సరిపోయిందంటున్నాగా. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదయ్యా. దించు.”

మధ్యాహ్నం పనివాళ్లందరూ బల్లల మీద కూర్చున్నారు. రొట్టె, కూర వడ్డించి అతను వారగా నిలబడ్డాడు. నాలుక పోయినప్పటినుంచీ తినేవాళ్ల మొహాలే అతని నాలుక. కనుబొమ్మ లేస్తే ఉప్పెక్కువ. చెయ్యి నీళ్లకి పోతే కారం ఎక్కువ. పక్కవాడివైపు చూస్తే పని పోయినట్టే.

ఇక్కడ ఏ కనుబొమ్మా లేవలేదు. ఎవరి చెయ్యీ నీళ్లకి పోలేదు. గడ్డి నమిలినట్టు నములుతున్నారు, అంతే.

మేస్త్రీ పళ్లెం తుడిచి తిన్నాడు. “ముక్క మెత్తగా ఉడికించావు. ఇప్పట్నుంచీ నువ్వే ఇక్కడ వంటవాడివి. రా, కూర్చో.”

వంటవాడు కూర్చున్నాడు. ఇంట్లో పొయ్యి వెలిగినట్టే అనిపించింది.

“కూర చాల్లేదు,” అన్నారెవరో.

ఉల్లిపాయలు తరిగినామె లేచి, మూలనున్న గిన్నె తెచ్చి సరిగ్గా అతని ముందే పెట్టింది. మూత తీసింది. ఈగలు లేచాయి.

“మొదటి ముద్ద నీది,” అన్నాడు మేస్త్రీ.

“నాదేంటండి?”

“ఈ పొగకి మాలో ఎవడి ముక్కూ బతకలేదు, నాలుకా బతకలేదు. కూరైనా బూడిదైనా మాకొకటే. ముందు వంటవాణ్ణి గెంటేశాక మాకు తోచినట్టు వండుకున్నాం, ఉన్నది తిన్నాం. అలా తినే మొన్న ఈమె మొగుడు పోతే పూడ్చిపెట్టాం.” గొంతు సవరించుకున్నాడు. “బాగుందంటే తింటాం. పాడైందంటే పారబోస్తాం. కానీ పారబోసినప్పుడల్లా యజమాని తన కుక్కకి పెట్టిస్తాడు. అది తిని ఏమీ కాకుండా లేచి తిరిగిందా, మంచి కూర పారబోశావని నువ్వు గేటు బయట. అందుకే నాలుకున్నవాడి కోసం చూశాం.”

వంటవాడు రొట్టె తుంచాడు. కూరలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. బెండు నమిలినట్టుంది. తల ఎత్తితే అందరి చేతులూ పళ్లేల మీద ఆగిపోయి ఉన్నాయి. అందరి కళ్లూ అతని మొహం మీదే. ఆమె కళ్లు కూడా.

మింగకముందే “బాగుంది” అన్నాడు.

గరిటె గిన్నెలో దిగింది. ముందు ఆమె వడ్డించుకుంది, తర్వాత మిగతావాళ్లు. అతను కూడా నిండా వడ్డించుకుని, తల వంచుకుని, వాళ్లతోబాటు తిన్నాడు.